నోట్లో ఏం పెట్టారో కాగితం మీద రాసివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పళ్ల వైద్యంలో వచ్చిన కొత్త యంత్రాల మీద మీ ఆరోగ్యం పేజీలో వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. నోట్లో తిప్పితే చాలు కొలత తీసేసుకునే స్కానర్లు, దవడను అన్ని వైపుల నుంచీ చూపించే త్రీడీ ఎక్స్‌రేలు, ఒక్క పూటలో తయారయ్యే క్యాపులు, ఎముకలో బిగించే ఇంప్లాంట్లు. రాసినవన్నీ నిజాలే. రోజూ వాటి మధ్యే పనిచేసేవాడిని కాబట్టి చదువుతుంటే సంతోషంగా అనిపించింది. అయితే ఇవన్నీ చేయించుకున్న మనిషి చేతికి చివరికి ఏం వస్తోందన్న సంగతి అందులో ఎక్కడా రాలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను డెంటల్ టెక్నీషియన్‌ని. డాక్టర్లు పంపిన కొలతలు చూసి క్యాపులు, బ్రిడ్జిలు, కట్టుడు పళ్లు తయారుచేస్తాను. 26 ఏళ్లుగా ఇదే పని. నేను చేసిన పళ్లు పెట్టుకున్నవాళ్లలో చాలామంది ముఖం కూడా నేను చూడలేదు. మా టేబుల్ మీదకు మనిషి రాడు, దవడ అచ్చు వస్తుంది. దాని మీద పెన్సిల్‌తో ఒక నంబరు రాసి ఉంటుంది. 46 అని ఉంటే కుడివైపు కింది దవడలో మొదటి పెద్ద పన్ను అని మాకు అర్థం. నిరుడు ఆ 46 మా అక్కదైంది.

అక్కకు ఆరేళ్ల కిందట ఆ పన్ను తీసేసి ఇంప్లాంట్ పెట్టారు. తను ఉండే చోటే చేయించుకుంది. క్యాప్ కూడా వేరే ల్యాబ్‌లో చేసిందే. ఆరేళ్లూ ఏ ఇబ్బందీ లేదు. ఒకరోజు రాత్రి ఫోన్ చేసింది. "ఏరా, ఆ పెట్టుడు పన్ను కదులుతోందిరా. నొప్పేం లేదు గానీ నాలుకతో తోస్తే టిక్కుమంటోంది" అంది. టిక్కుమంటోంది అనగానే నాకు విషయం అర్థమైంది. ఇంప్లాంట్ పన్ను ఒకే ముక్కగా ఉండదు. ఎముక లోపల ఉండేది టైటానియంతో చేసిన చిన్న మర. దాని మీద ఒక దిమ్మె, ఆ దిమ్మె మీద పైకి కనిపించే క్యాప్. ఈ భాగాల్ని ఒక సన్నటి స్క్రూ పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి నమిలీ నమిలీ ఆ స్క్రూ వదులవుతుంది. అదేం అరుదైన విషయం కాదు, పెద్ద జబ్బూ కాదు. బిగిస్తే సరిపోతుంది. అలాగే వదిలేస్తే మాత్రం స్క్రూ లోపలే విరిగిపోవచ్చు. అప్పుడు పని పెద్దదవుతుంది. అందుకే ఆలస్యం చేయొద్దని మర్నాడే బయల్దేరదీశాను.

పెట్టిన క్లినిక్ మూతపడి రెండేళ్లయింది. అక్కడి డాక్టర్ ఎక్కడికో వెళ్లిపోయారు, ఫోన్ నంబరు పనిచేయడం లేదు. నాకు తెలిసిన మరో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎక్స్‌రే తీశారు. ఎముక చక్కగా ఉంది, ఇంప్లాంట్ గట్టిగా ఉంది, దిమ్మెకీ దానికీ మధ్య సన్నటి నల్ల గీత. స్క్రూ వదులైందని తేలిపోయింది. ఆయన తల తిప్పి అక్కను అడిగారు: "అమ్మా, ఇది ఏ కంపెనీ ఇంప్లాంట్?"

అక్క నా వైపు చూసింది. నేనేం చెప్పగలను? ఆరేళ్ల నాటి కాగితాలన్నీ ఆవిడ జాగ్రత్తగా ఒక కవర్లో పెట్టుకుని తెచ్చింది. మందుల చీటీలు, రశీదులు, ఒక పాత ఎక్స్‌రే ఫిల్ము. రశీదు మీద "ఇంప్లాంట్, క్యాపుతో – 1" అని ఉంది. అంతే. దుకాణంలో సామాను కొన్నా దాని మీద కంపెనీ పేరుంటుంది. మా అక్క దవడ ఎముకలో ఆరేళ్లుగా ఉన్న వస్తువుకు మాత్రం ఆవిడ దగ్గర పేరు లేదు.

తర్వాత జరిగింది కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే చూడనివాళ్లకు ఇది చిన్న విషయంగా అనిపిస్తుంది. డాక్టర్ క్యాప్ పైన పూడ్చిన సిమెంటును మెల్లగా తవ్వి తీశారు. దాని కింద దూర్చిన తెల్లటి టేపును పట్టకారుతో లాగారు. లోపల స్క్రూ తల కనిపించింది. దాన్ని తిప్పడానికి వాడేది ఆరు పలకల చిన్న డ్రైవర్. కొన్ని కంపెనీలది 1.2 మిల్లీమీటర్లు, కొన్నిటిది 1.25, ఇంకొన్నిటిది 1.27. మరికొన్నిటికి ఆరు పలకలే కాదు, నక్షత్రం ఆకారంలో ఉంటుంది. 1.2కీ 1.25కీ మధ్య తేడా తల వెంట్రుక మందం కూడా ఉండదు. మొదటి డ్రైవర్ లోపలికి దిగింది కానీ అటూ ఇటూ ఊగింది. ఆయన వెంటనే చెయ్యి వెనక్కి తీసేశారు. సరిపోని డ్రైవర్‌తో బలవంతంగా తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, ఆ తర్వాత ఏ డ్రైవరూ పట్టదు, డ్రిల్లు పెట్టి తొలిచి తీయాల్సి వస్తుంది. రెండోది అసలు దిగనే లేదు. ఆయన దగ్గరున్న నాలుగూ అయిపోయాయి. దీపం కింద నోరు తెరుచుకుని పడుకున్న అక్క చేతులు కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ చేతుల్ని చూస్తూ నిలబడ్డాను.

ఆ డాక్టర్ ఓపికకు దండం పెట్టాలి. ఎక్స్‌రేలో ఇంప్లాంట్ మీది గాడుల ఆకారం, అడుగు భాగం, మెడ దగ్గరి వాలు చూసి ఏ కంపెనీదై ఉంటుందో తోటి డాక్టర్లను వాకబు చేశారు. రెండు పేర్లు అనుమానంగా తేలాయి. ఆ రెండింటి డ్రైవర్లూ తెప్పించారు. మూడోసారి వెళ్లినప్పుడు రెండోది సరిగ్గా కూర్చుంది. స్క్రూ బయటికొచ్చింది, మరలు అరిగిపోయి ఉన్నాయి. కొత్తది అదే కంపెనీది కావాలి, వేరేది పెడితే మళ్లీ వదులవడమో విరగడమో జరగొచ్చు. అది వచ్చాక టార్క్ రెంచ్‌తో ఆ కంపెనీ చెప్పినంత బలంతో, అంతకన్నా ఎక్కువా తక్కువా కాకుండా, బిగించారు. ఆ రోజు పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అక్కడిదాకా రావడానికి ఐదు వారాలు పట్టింది. ఐదు వారాలూ అక్క ఎడమవైపే నమిలింది, రాత్రిళ్లు పన్ను ఊడి గొంతులోకి పోతుందేమోనని టెన్షన్‌తో సరిగా నిద్రపోలేదు.

మొదట ఇంప్లాంట్ పెట్టిన డాక్టర్ చెడ్డ పని చేశారని నేను అనను. ఆరేళ్ల తర్వాత కూడా ఎముక ఒక్క పిసరు తరగలేదంటే చేయి మంచిదే. ఆయన చేయనిది ఒక్కటే, రాసివ్వలేదు.

అసలు ఈ ఇంప్లాంట్లు ఎంతకాలం ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి. స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వార్ బ్రొనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకల మీద ప్రయోగాలు చేస్తున్నప్పుడు, లోపల పెట్టిన టైటానియం పరికరం తిరిగి ఊడి రాలేదు. ఎముక దాన్ని తనలో భాగంగా పట్టేసుకుంది. అక్కడి నుంచి ఆలోచన పెంచుకుంటూ వెళ్లి 1965లో యోస్టా లార్సన్ అనే ఆయనకు మొదటిసారి దవడలో ఇలాంటి ఇంప్లాంట్లు పెట్టారు. లార్సన్ 2006లో చనిపోయారు. అప్పటిదాకా, అంటే దాదాపు 40 ఏళ్లు, ఆ ఇంప్లాంట్లు ఆయనకు పనిచేశాయి. నలభై ఏళ్లపాటు ఒక క్లినిక్ నడుస్తుందని ఎవరం చెప్పగలం? డాక్టర్లు రిటైరవుతారు, కంప్యూటర్లు పాడవుతాయి, కంపెనీలు చేతులు మారతాయి, పాత మోడళ్లు ఆపేస్తారు. ఇప్పుడు ఇంప్లాంట్లు చేసే కంపెనీలు వందల్లో ఉన్నాయి. వీటన్నిటికన్నా ఎక్కువకాలం ఉండేది పేషెంట్ నోట్లోని ఆ వస్తువే. దాని వివరాలు కూడా పేషెంట్ దగ్గరే ఉండాలి కదా. గుండెకు పేస్‌మేకర్ పెట్టినవాళ్లకు కార్డు ఇస్తారు, వాళ్లు దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతారు. దవడలో పెట్టినదానికి ఎందుకు ఇవ్వరు?

కష్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంప్లాంట్ వచ్చే డబ్బాలోనే కంపెనీ పేరు, మోడల్, లావు, పొడవు, లాట్ నంబరు ముద్రించిన స్టిక్కర్ ఉంటుంది. ఊడదీసి అతికించుకోవడానికి వీలుగా చాలా కంపెనీలు ఒకటికి రెండు ఇస్తాయి. ఒకటి కేస్ షీట్ మీద అంటించి, ఇంకోటి పేషెంట్ చేతిలో పెట్టడానికి అర నిమిషం చాలు. నేను ఎన్నో క్లినిక్కుల్లో చూశాను, ఆ రెండో స్టిక్కర్ డబ్బాతో పాటే చెత్తబుట్టలోకి పోతోంది.

మా ల్యాబ్ సంగతీ చెప్పాలి. మేం నేర్చుకున్నప్పుడు మైనంతో పన్ను చెక్కి, దాని చుట్టూ అచ్చు పోసి, మైనం కరిగించి, ఆ ఖాళీలోకి లోహం పోసేవాళ్లం. 1907లో విలియం టాగార్ట్ అనే అమెరికన్ డెంటిస్ట్ వాడుకలోకి తెచ్చిన పద్ధతి అది. ఇప్పుడు ఎక్కువ క్యాపులు జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసేవే. తెల్లటి బిళ్ల వస్తుంది, పట్టుకుంటే చాక్‌పీస్‌లా ఉంటుంది, గోటితో గీకినా పొడి రాలుతుంది. కంప్యూటర్‌లో పన్ను గీస్తే మెషీన్ ఆ బిళ్లలోంచి చెక్కుతుంది, కానీ అసలు సైజు కన్నా పెద్దదిగా చెక్కుతుంది. తర్వాత 1500 డిగ్రీల దగ్గర్లో కొలిమిలో కాలిస్తే అది ఇంచుమించు ఐదో వంతు కుంచించుకుపోయి రాయిలా గట్టిపడుతుంది. ఎంత కుంచించుకుంటుందో బిళ్లబిళ్లకూ కొద్దిగా మారుతుంది. అందుకే ప్రతి బిళ్ల మీదా 1.23 లాంటి ఒక అంకె ముద్రించి ఉంటుంది, దాన్ని మెషీన్‌లో కొట్టాలి. ఒక్క అంకె తప్పు కొట్టామంటే క్యాప్ పంటి మీద దిగనన్నా దిగదు, లేదా లొడలొడలాడుతుంది. అంత లెక్క ఉన్న పని కాబట్టి మా దగ్గర ప్రతిదీ రాసి ఉంటుంది. ఏ కంపెనీ బిళ్ల, ఏ లాట్, ఏ రంగు, ఏ రోజు, ఎవరు చేశారు. ఆ చీటీ క్యాపుతో పాటు క్లినిక్‌కి వెళ్తుంది. క్లినిక్ గుమ్మం దాటి పేషెంట్ దాకా వెళ్లడం మాత్రం చాలా తక్కువ.

దీనివల్ల ఏమవుతుందో ఒకటి చెబుతాను. ఒకసారి ఒక డాక్టర్ ఫోన్ చేసి, తొమ్మిదేళ్ల కిందట మేం చేసిన క్యాపులో ఏ లోహం వాడారని అడిగారు. అది పెట్టుకున్న పేషెంట్‌కు క్యాప్ చుట్టూ చిగురు ఎప్పుడూ ఎర్రగా ఉంటోందట. ఈమధ్యే నికెల్ పడదని పరీక్షలో తేలింది. పింగాణీ కింద లోహం ఉండే క్యాపుల్లో నికెల్, క్రోమియం కలిసిన మిశ్రమం బాగా వాడతారు. మా పాత రిజిస్టర్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఇద్దరం కూర్చుని మధ్యాహ్నమంతా వెతికాం. దొరికింది, అందులో నికెల్ ఉంది, క్యాప్ మార్చారు. ఆ రిజిస్టర్ దొరక్కపోయుంటే? ఆవిడ పర్సులో ఒక చిన్న కార్డు ఉంటే తొమ్మిదేళ్ల రిజిస్టర్లు తిరగేసే పనే ఉండేది కాదు. ఎంఆర్‌ఐ తీసేవాళ్లు కూడా ఒంట్లో లోహం ఏమైనా ఉందా అని అడుగుతారు. టైటానియంతో మామూలుగా భయం లేదు గానీ, కట్టుడు పళ్లు జారకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచే రకాలూ ఉన్నాయి. తన నోట్లో ఉన్నది ఏదో తెలియని మనిషి ఆ టేబుల్ దగ్గర ఏమని చెబుతాడు?

మంచి జరిగిన సంగతి కూడా నా దగ్గర ఒకటుంది. ఆ ముక్క చెబుతుంటే ఇప్పటికీ మనసు నిండుతుంది. ప్రమాదంలో పై ముందు పళ్లు రెండు విరిగిన అమ్మాయికి క్యాపులు చేయాలని కొలత వచ్చింది. విరిగిన పళ్లు ముందు ఎలా ఉండేవో మాకు తెలియదు, పక్క పళ్లు చూసి ఊహించుకుని చేస్తాం. అందంగా చేయగలం, కానీ అవి ఆ మనిషి పళ్లు కావు. ఈ కేసుతో పాటు గుడ్డలో చుట్టిన ఒక ప్లాస్టర్ అచ్చు వచ్చింది. చిన్నప్పుడు పళ్లకు క్లిప్పులు పెట్టించినప్పుడు, అయిపోయాక ఆ అచ్చును తనకిమ్మని వాళ్లమ్మ అడిగి తీసుకుని అల్మరాలో దాచిందట. గుడ్డ విప్పి చూశాను. ఎడమ ముందు పన్ను అంచున, లోపలి మూల దగ్గర, బియ్యపు గింజ కొసంత నొక్కు ఉంది. పుట్టుకతో వచ్చిన నొక్కు అది. దాన్ని కూడా అలాగే చెక్కాను. క్యాపులు పెట్టాక ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని, మొదట నాలుకతో ఆ నొక్కునే తడిమి చూసుకుందని డాక్టర్ చెప్పారు.

ఇప్పుడు ప్లాస్టర్ అచ్చు దాచుకోవాల్సిన పని కూడా లేదు. స్కానర్‌తో తీసిన కొలత ఒక ఫైలు. పెన్‌డ్రైవ్‌లో ఓ మూల పడుంటుంది, ఫోన్‌కి పంపొచ్చు. పాత రోజుల్లో అచ్చులు గుట్టలు పడి, చోటు చాలక ఏడాదికోసారి పారబోసేవాళ్లం. కాబట్టి అప్పుడు ఇవ్వలేదంటే అర్థం చేసుకోగలను. ఫైలును ఇవ్వకపోవడానికి ఏం కారణం చెబుతాం? ఎక్స్‌రేలదీ అదే సంగతి. రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టింది 1895 నవంబర్‌లో. కొద్ది వారాలకే జర్మనీలో ఒట్టో వాల్కాఫ్ అనే డెంటిస్ట్ తన పళ్లకే ఎక్స్‌రే తీసుకున్నాడు, అందుకు 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు క్షణంలో అయిపోతుంది. పంటి చిన్న ఎక్స్‌రేకి తగిలే రేడియేషన్ కూడా, మనం ఊరికే ఉన్నా నేల నుంచీ గాలి నుంచీ ఒక రోజులో తగిలేదానికి దగ్గరగా ఉంటుంది. దానికి భయపడనవసరం లేదు. త్రీడీ ఎక్స్‌రేకి మాత్రం అంతకన్నా చాలా రెట్లు ఎక్కువ. అవసరమైతే తీయాల్సిందే, నేనేం కాదనను. ఒక చోట తీసింది చేతికి ఇవ్వక, రెండో చోట మళ్లీ తీయాల్సి రావడమే అన్యాయం.

డాక్టర్లతో ఈ మాట ఎత్తినప్పుడు కొందరు, రాసిచ్చినా పేషెంట్లు పారేసుకుంటారండీ అన్నారు. కొందరు పారేసుకుంటారు, నిజమే. ఆరేళ్ల రశీదులు కవర్లో దాచుకున్న మా అక్కలాంటివాళ్లు కూడా ఉన్నారు. ఒకాయన మాత్రం మనసులో మాట చెప్పేశారు: "వివరాలన్నీ చేతికిస్తే రేపు ఇంకో డాక్టర్ దగ్గరికి పోతారు." పోనివ్వండి సార్ అన్నాను. పనిమీద నమ్మకం ఉన్న పేషెంట్ కాగితం చేతికొచ్చిందని వెళ్లిపోడు. వెళ్లాల్సిన అవసరం వచ్చినవాడు కాగితం లేకపోయినా వెళ్తాడు, కాకపోతే మా అక్కలా ఐదు వారాలు తిప్పలు పడతాడు.

అక్క పన్ను బిగించిన రోజు ఆ డాక్టర్ ఒక చిన్న అట్టముక్క మీద అన్నీ రాశారు. పన్ను నంబరు, కంపెనీ పేరు, ఇంప్లాంట్ లావు, ఏ డ్రైవర్ పడుతుంది, ఎంత బలంతో బిగించారు, క్యాప్ స్క్రూతో పట్టిందా సిమెంటుతో అతికించిందా, ఏ పదార్థం, ఏ తేదీ. ఆ తర్వాత నేను కూడా నా పద్ధతి మార్చుకున్నాను. మా ల్యాబ్ నుంచి వెళ్లే ప్రతి క్యాపుతో రెండు చీటీలు పెడుతున్నాను, ఒకటి క్లినిక్‌కి, రెండోది పైన "పేషెంట్‌కి ఇవ్వండి" అని ఎర్ర సిరాతో రాసి. ఎంతమంది ఇస్తున్నారో నాకు తెలిసే దారి లేదు. రూట్ కెనాల్ చేసినప్పుడు కూడా పంటి వేళ్లలో ఎన్ని కాలువలు పూడ్చారో ఒక మాట రాసిస్తే బాగుంటుంది. పై దవడ మొదటి పెద్ద పన్నులో నాలుగో కాలువ తరచూ కంటికి ఆనదు. మూడే పూడ్చారని తెలిస్తే, నొప్పి మళ్లీ వచ్చినప్పుడు తర్వాతి డాక్టర్ ముందు దాన్నే వెతుకుతారు.

మీ పత్రికను నేను కోరేది ఒకటుంది. మీ ఆరోగ్యం పేజీలో ఒక మూల అరచేయంత ఖాళీ కార్డు అచ్చు వేయండి. పాఠకులు కత్తిరించుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి నింపించుకుంటారు. ఇంప్లాంటో క్యాపో ఇప్పటికే ఉన్నవాళ్లు, చేసిన క్లినిక్ ఇంకా తెరిచి ఉండగానే, ఈ వారంలోనే వెళ్లి అడగండి. పన్ను కదిలేదాకా ఆగొద్దు. కార్డులో ఏమేం ఉండాలో తెలియడానికి మా అక్క కార్డు చూసి ఎత్తి రాసిన నమూనా ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇట్లు,
ఒక డెంటల్ టెక్నీషియన్